180 గంటలు, ఒక ఊరి నీళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. డిగ్రీ మొదటి ఏడాది పూర్తయ్యాక వేసవి సెలవుల్లో 180 గంటలు చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరం అడగవలసిన ప్రశ్న అడిగింది కనుక దానికే ఎక్కువ చోటు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేము ముగ్గురం బి.ఎస్సీ. చదువుతున్నాం. మాలో ఒకరి ఊరు కళ్యాణదుర్గానికి దగ్గరే. అక్కడ పెద్దవాళ్లలో చాలామందికి పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడు వల్లేనని అందరూ అంటారు. దాని మీదే ప్రాజెక్టు చేయాలని మాకు ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సీనియర్లు తమ రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చి, ఊరి పేరు మార్చుకుంటే చాలన్నారు. ఇంకొందరు ఒక ర్యాలీ తీసి ఫొటోలు అతికిస్తే మార్కులు వస్తాయంటున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?
— ముగ్గురు విద్యార్థినులు, కళ్యాణదుర్గం

జవాబు: ముందు ఆ పెన్‌డ్రైవ్ సంగతి తేల్చేద్దాం. కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక కూడా వైవాకు పిలిస్తే వెళుతుంటాను. ఒకసారి ఒక అబ్బాయి మన జిల్లా ఊరి మీద రాసిన రిపోర్టులో "ఈ గ్రామస్తుల ప్రధాన వృత్తి చేపల వేట" అని ఉంది. సముద్రం ఆ ఊరికి ఎటువైపు ఉంది నాయనా అని అడిగాను. అతను కిటికీ వైపు చూశాడు, నేనూ చూశాను. కోస్తా జిల్లా రిపోర్టు ఎన్ని చేతులు మారి అనంతపురం చేరిందో! ఎన్ని మార్కులు వేశానన్నది ఇక్కడ చెప్పను. మీ సీనియర్లకు ఆ పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయండి.

ర్యాలీ కూడా వద్దు. ఫ్లోరైడు నీళ్లు తాగకండి అని అట్టముక్క పట్టుకుని వీధిలో తిరిగితే, అరుగు మీద కూర్చున్న ఏ అవ్వో "మరి ఏ నీళ్లు తాగమంటావు తల్లీ?" అంటుంది. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. మీ ప్రాజెక్టు మొత్తం ఆ అవ్వకు చెప్పే జవాబు కోసమే అనుకోండి. అప్పుడు ఏం చేయాలో, ఏం చేయనక్కర్లేదో వాటంతటవే తేలతాయి.

అందుకే నేను ఎవరికైనా పని చివరి నుంచి మొదలుపెట్టమంటాను. మొదటి రోజే ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రాజెక్టు అయ్యాక గ్రామ సచివాలయం గోడ మీద అతికించి రాబోయే కాగితం అదే. దాని మీద ఖాళీ గళ్లు గీయండి. ఊళ్లో నీళ్లు వచ్చే చోటు పేరు, బోరు లోతు, ఫ్లోరైడు ఎంత, ఆ నీళ్లు దేనికి వాడుకోవచ్చు. అంతే. ఆ గళ్లు నింపడానికి పనికిరాని ప్రశ్న ఏదైనా మీ సర్వే ఫారంలోకి వస్తే కొట్టేయండి. నేను చూసిన ఫారాల్లో ఇంట్లో టీవీ ఉందా, స్కూటరు ఉందా, ఏ కులం, ఎంత ఆదాయం అని రెండు పేజీలు నిండి ఉంటాయి. వాటిని ఎందుకు అడిగారో అడిగినవాళ్లకే తెలియదు. ఎండన పడి పనిచేసి వచ్చిన మనిషిని నిలబెట్టి అవన్నీ అడగడం మర్యాద కూడా కాదు.

ఫ్లోరైడు గురించి మీకు తెలిసే ఉంటుంది కానీ రెండు మూడు మాటలు చెప్పుకుందాం. మన నేల కింద ఉన్నది చాలాచోట్ల గ్రానైటు జాతి రాయి. ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు అందులో ఉంటాయి. నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటే ఆ ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలోకి కరుగుతుంది. నీళ్లలో కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటే ఇంకా బాగా కరుగుతుంది. రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. తియ్యటి నీళ్లు అని ఊరంతా మెచ్చుకునే బోరులోనూ ఉండవచ్చు, అందరూ ఉప్పు నీళ్లని వదిలేసిన బోరులో తక్కువ ఉండవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడు ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. అంటే ఇది తెలుగు నేల మీద పాత సంగతే. మీ ఊళ్లో ఏ బోరులో ఎంత ఉందన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. మీరు కొలిస్తేనే తెలుస్తుంది.

ఇక నమూనాలు. ఊరి నీళ్లంటే ట్యాంకు కింద కుళాయి ఒక్కటే అనుకోకండి. పంచాయతీ బోరు, చేతిపంపులు, బడిలో బోరు, అంగన్‌వాడీ వాళ్లు పట్టుకునే కుళాయి, ఆర్.ఓ. ప్లాంటు, వీటితో పాటు తోటల్లో బోర్లు. తోటల సంగతి అందరూ మరిచిపోతారు. చీనీ (బత్తాయి) తోటలో కలుపు తీసే ఆడమనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తాగేది అక్కడి డ్రిప్పు బోరు నీళ్లే. ఇంటి దగ్గర క్యాను నీళ్లు కొన్నా ఎండలో ఎక్కువ నీళ్లు తాగే వేళ ఆమె తోటలో ఉంటుంది. ఊళ్లో ట్యాంకుకు నీళ్లు వదిలే మనిషిని ఒక సాయంత్రం వెంటబెట్టుకుని తిరగండి. ఏ వీధికి ఏ బోరు నీళ్లు వెళతాయో, ఏది ఎండిపోయిందో, ఏది ఎప్పుడు వేశారో అతనికి తెలిసినట్టు ఇంజినీరుకు కూడా తెలియదు. బోరు లోతు రైతును అడగండి. పిల్లల పుట్టిన తేదీ మరిచిపోయినవాడు కూడా బోరు ఎన్ని అడుగులు వేశాడో, ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయో గుర్తు పెట్టుకుంటాడు. అప్పు తెచ్చి వేసింది కదా!

నీళ్లు పట్టే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. లీటరు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. ఫ్లోరైడుకు గాజు సీసా వద్దు. సీసా మీద నంబరు, తేదీ, చోటు ముందే రాసుకోండి. తడిసిన కాగితం మీద పెన్ను పారదు, రాసినా సంచిలో ఊడిపోతుంది. చెరగని ఇంకు పెన్నుతో సీసా మీదే రాసి, అదే నంబరు నోటుపుస్తకంలోనూ రాసుకుంటే మేలు. చేతిపంపు అయితే కొన్ని నిమిషాలు కొట్టి గొట్టంలో నిలిచిన పాత నీటిని పోనివ్వండి. తర్వాత అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత గట్టిగా బిగించండి. ఫ్లోరైడు తొందరగా మారిపోయేది కాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. బాక్టీరియా కూడా చూడాలనుకుంటే అది వేరే లెక్క. శుద్ధి చేసిన సీసా, ఐసు పెట్టె, 24 గంటల్లోపు ల్యాబు. మొదటి ప్రాజెక్టులో దాని జోలికి వెళ్లకండి.

ఇంకొక చిన్న పని చేయండి. ఒకే బోరు నుంచి రెండు సీసాలు పట్టి, వాటికి వేర్వేరు నంబర్లు వేసి, ల్యాబు వాళ్లకు చెప్పకుండా ఇవ్వండి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే మిగతా అంకెలనూ నమ్మవచ్చు. దూరంగా వస్తే వెళ్లి మళ్లీ పట్టుకోండి. ఇది ల్యాబు వాళ్లను అనుమానించడం కాదు. వైవాలో "ఈ అంకె సరైనదని నీకెలా తెలుసు?" అని నాలాంటివాళ్లు అడిగితే మీరు తడుముకోకుండా చెప్పగలగాలి.

పరీక్ష ఎక్కడ చేయించాలంటే, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా ప్రయోగశాల ఉంది. ప్రిన్సిపాల్ గారి ఉత్తరంతో ముందుగానే కలవండి. వేసవిలో వాళ్లకు పని ఎక్కువ, సెలవుల చివర్లో సీసాలు మోసుకుని వెళితే ఎవరూ పలకరు. జల్ జీవన్ మిషన్ కింద చాలా పంచాయతీలకు పరీక్ష కిట్లు ఇచ్చి, కొందరు మహిళలకు వాడకం నేర్పించారు. మీ ఊళ్లో ఆ కిట్టు ఏ బీరువాలో ఉందో వెతికి తీయించండి, దాని గడువు తేదీ చూడండి. అందులో మందు చుక్కలు వేస్తే నీరు గులాబీ రంగుకు వస్తుంది, ఫ్లోరైడు పెరిగే కొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. కచ్చితమైన కొలత కాకపోయినా ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. నేనైతే అన్ని నమూనాలనూ కిట్టుతో ఊళ్లోనే, నలుగురి ఎదుట చూపించి, తర్వాత ల్యాబుకు పంపుతాను. తమ బోరు నీళ్లు కళ్ల ముందు పసుపు రంగుకు తిరగడం చూసినవాళ్లకు ఉపన్యాసం అక్కర్లేదు.

ఇళ్లకు వెళ్లినప్పుడు "మీకు ఫ్లోరోసిస్ ఉందా?" అని అడగకండి. దానికి జవాబు చెప్పాల్సింది డాక్టరు. తాగడానికి ఏ నీళ్లు, వంటకు ఏ నీళ్లు అని విడివిడిగా అడగండి. చాలా ఇళ్లలో తాగేది క్యాను నీళ్లు, అన్నం, పప్పు వండేది బోరు నీళ్లతో. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. "మేము కాచి చల్లార్చి తాగుతాం" అని గర్వంగా చెప్పే ఇల్లాలికి ఈ మాట నొచ్చుకోకుండా చెప్పడం మీకు 180 గంటల్లోకెల్లా కష్టమైన పని. కాచడం సూక్ష్మజీవులకు మంచిదే, ఫ్లోరైడుకు మాత్రం పనిచేయదు, అని రెండూ కలిపి చెప్పండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దీన్ని ఆపలేదు. ఆర్.ఓ. ఆపుతుంది, అందులో నీటిని వడకట్టే పొర పాతబడితే అదీ అంతంత మాత్రమే. అందుకే ప్లాంటు నీళ్లు కూడా పట్టమన్నాను. యజమానిని అడిగి, అతని ఎదుటే పట్టండి.

పళ్ల విషయంలో మీరు దాదాపు అందరూ వేసే తప్పుడు లెక్క వేయబోతున్నారు. ఈ రోజు బోరులో ఉన్న ఫ్లోరైడును, ఈ రోజు కనిపిస్తున్న పళ్ల చారలను పక్కపక్కన పెట్టి గీత గీస్తారు. పంటి పైపొర చిగురు లోపల తయారయ్యేది చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఆ తర్వాత ఎన్ని ఫ్లోరైడు నీళ్లు తాగినా పళ్ల మీద కొత్త చారలు రావు, ఎముకలకు కీడు జరగవచ్చు. అంటే నలభై ఏళ్ల మనిషి పన్ను చెప్పేది అతను పసివాడిగా ఉన్నప్పుడు తాగిన నీటి కథ. ఆ బావి ఇప్పుడు పూడిపోయి కూడా ఉండవచ్చు. మన జిల్లాలో చాలా ఊళ్లకు 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ద్వారా జలాశయాల నీరు వచ్చింది. మీ ఊరికి పైపు నీరు వచ్చిందా, ఏ ఏడాది, మధ్యలో ఎన్నాళ్లు ఆగింది అన్నది పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఆ ఏడాదికి ముందు పెరిగినవాళ్లు, తర్వాత పెరిగినవాళ్లు అని విడదీసి చూస్తే మీ రిపోర్టులో నిజంగా చదవదగిన పేజీ అదే అవుతుంది.

కానీ పళ్లు చూడటం మీ అంతట మీరు చేయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గానీ దంత వైద్యులు గానీ ఒక పూట వస్తే, తల్లిదండ్రుల అనుమతితో వాళ్లు చూస్తారు, మీరు రాసుకుంటారు. ఎవరూ రాకపోతే ఆ భాగం వదిలేయండి, నీళ్ల లెక్క చాలు. పిల్లల నోళ్లు తెరిపించి ఫొటోలు తీయడం, ముఖం కనిపించేలా రిపోర్టులో అతికించడం నాకు అసలు గిట్టదు. ఆ ఊళ్లో పెళ్లి కావలసిన అమ్మాయిలు ఉంటారు. "ఆ ఇంట్లో ఫ్లోరైడు జబ్బు ఉందట" అన్న మాట మీ కాగితం వల్ల బయటికి పొక్కకూడదు. ఇళ్లకు నంబర్లు వేయండి, పేర్లు రాయకండి. నీళ్లు దొరికే చోట్లకు మాత్రం ఊరివాళ్లు పిలిచే పేర్లే పెట్టండి, రామాలయం బోరు, ఎగువ వీధి పంపు అని.

నమూనాలు ఎన్ని అంటారా? మామూలు ఊరికి 12, 15 దాటకపోవచ్చు. అన్నింటినీ పట్టండి. అయితే 12 నమూనాలు చేతిలో పెట్టుకుని "41.67 శాతం బోర్లు ప్రమాదకరం" అని రాయకండి. 12లో 5 అని రాస్తే పోతుంది. లోతు పెరిగితే ఫ్లోరైడు పెరిగిందా అని చూడండి, కానీ ఇన్ని తక్కువ అంకెలతో సూత్రం తీయకండి. ఇవి మే నెల అంకెలు అని కూడా పైన రాయండి. వానలు పడి బోర్లలో నీరు పైకి వచ్చాక మారవచ్చు.

వేళల గురించి ఒక మాట. ఉపాధి పనికి వెళ్లేవాళ్లు తెల్లవారగానే బయలుదేరతారు, మధ్యాహ్నం అలసి పడుకుంటారు. మీరు పది గంటలకు బస్సు దిగి తలుపులు కొడితే ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ కనిపించరు, మీకు వడదెబ్బ అదనం. పొద్దున్నే నమూనాలు, సాయంత్రం ఇళ్లు, మధ్యాహ్నం నీడపట్టున లెక్కలు. లాగ్‌బుక్కు ఏ రోజుది ఆ రోజే రాయండి. చివరి రాత్రి ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో నెల రోజులదీ రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది.

ఫలితాలు వచ్చాక మొదట చెప్పిన కాగితం నింపండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఏ నీళ్లు తాగడానికి, వంటకు పనికివస్తాయి, ఏవి స్నానానికి, బట్టలకు మాత్రమే వాడుకోవాలి. ఎక్కువ ఫ్లోరైడు ఉన్న బోరు నీటితో స్నానం చేసినా, గిన్నెలు తోమినా కీడు లేదని తప్పక రాయండి, లేకపోతే భయపడి ఉన్న నీటిని కూడా వదులుకుంటారు. ఉన్న మంచి నీళ్లు అందరికీ చాలకపోతే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ముందు ఇవ్వాలి. పాలు, రాగులు లాంటి కాల్షియం ఉన్న తిండి ఒంటికి పట్టే ఫ్లోరైడును కొంత తగ్గిస్తుంది. సంగటి తినే ఊరికి ఈ మాట తేలిగ్గానే ఎక్కుతుంది, కానీ అది మంచినీటికి బదులు కాదు. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకు, ఒకటి అంగన్‌వాడీకి ఇచ్చి రసీదు సంతకం తీసుకోండి. బడి హెడ్మాస్టరు వేసవిలో దొరకరు. తెరిచిన వారంలోనే వెళ్లి ఇవ్వండి, మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో కనుక్కోండి. ఆగస్టు 15న గ్రామసభ పెడతారు. ఆ రోజుకు మీ మార్కులు ఎప్పుడో వచ్చేసి ఉంటాయి, గంటలు లెక్కలోకి రావు. అయినా ముగ్గురిలో ఒక్కరైనా వెళ్లి ఆ కాగితం చదివి వినిపించండి. ఊరి అమ్మాయి చదివితే మరీ మంచిది.

ప్రశ్న: మేము బి.కాం. విద్యార్థులం. మాకు ల్యాబు పనులు రావు. ఊళ్లో వంద మొక్కలు నాటి ప్రాజెక్టు పూర్తి చేద్దామనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?
— ఒక విద్యార్థి, ఉరవకొండ

జవాబు: మే నెలలో, ఉరవకొండలో, వంద మొక్కలు! నీళ్లు ఎవరు పోస్తారు నాయనా? దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. ఆ వాన కూడా జూన్ తర్వాతి మాట. మొక్క పట్టుకుని ఫొటో దిగడానికి ఎనిమిదిమంది ఉంటారు, మరుసటి వారం బిందె పట్టుకోవడానికి ఒక్కరూ ఉండరు.

మొక్కలే కావాలంటే గతంలో మీ ఊళ్లో నాటినవాటిలో ఎన్ని బతికాయో లెక్క తీయండి. ఏ జాతివి బతికాయి, కంచె ఉన్నచోటా లేనిచోటా, నీళ్లు పోసే బాధ్యత ఎవరిది? గానుగ, వేప నిలిచి మిగతావి పోయాయని తేలితే ఈసారి నాటేవాళ్లకు పనికివస్తుంది.

అయితే బి.కాం. వాళ్లకు అంతకంటే మంచి పని ఉంది. ఇంటింటా నీళ్ల ఖర్చు లెక్క కట్టండి. నెలకు ఎన్ని క్యాన్లు, ఒక్కోటి ఎంత, తెచ్చిపెట్టే ఆటోకు ఎంత, వేసవిలో ట్యాంకరు తెప్పించుకుంటే ఎంత, నీళ్ల కోసం మానుకున్న కూలి ఎంత. అన్నీ కలిపి ఊరు మొత్తం ఏడాదికి ఎంత పెడుతోందో చూపించండి. ఆ మొత్తాన్ని పంచాయతీ నడిపే ప్లాంటు ఖర్చు పక్కన పెట్టండి. కరెంటు బిల్లు, పొర మార్పిడి, మనిషి జీతం మరిచిపోకండి, పథకాలు మూలపడేది వీటి దగ్గరే. ఇందులో మీకు రాని విద్య ఏదీ లేదు, పద్దులు రాయడమే.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. ఎండల్లో పల్లెలు తిరగాలంటోంది. ఇది ఎందుకు, ఇంట్లో కూర్చుని కంప్యూటరు కోర్సు నేర్చుకుంటే పోదా అనిపిస్తోంది. పైగా భయం కూడా. తప్పించే మార్గం ఉందా?
— ఒక తండ్రి, గుత్తి

జవాబు: తప్పించే మార్గం లేదండీ. క్రెడిట్లు ఉన్న ప్రాజెక్టు ఇది, చేయకపోతే డిగ్రీ పూర్తి కాదు. మీ భయం మాత్రం న్యాయమైనది, దానికి చేయగలిగినవి ఉన్నాయి. ఊరు ఏదన్నది చాలా కాలేజీల్లో పిల్లల వీలును బట్టే నిర్ణయిస్తారు. మీ అత్తగారి ఊరో, అమ్మాయి మేనమామ ఊరో ఎంచుకోమని లెక్చరరు గారితో మాట్లాడండి. మధ్యాహ్నం పడుకోవడానికి ఒక ఇల్లు ఉంటుంది. ఒంటరిగా ఏ ఇంటికీ వెళ్లవద్దని, ఇద్దరిద్దరుగా తిరగమని చెప్పండి. చీకటి పడే లోపు ఇల్లు చేరాలి. మొదటి రోజు మీరే స్వయంగా తీసుకువెళ్లి సర్పంచినో, కార్యదర్శినో కలిపి రండి.

ఇంకొకటి. ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర ఉన్న ఉత్తరం, కాలేజీ గుర్తింపు కార్డు లేకుండా ఒక్క గడప కూడా ఎక్కవద్దనండి. ఫోనులో మోసాలు పెరిగాక పల్లెల్లో జనం కాగితం, పెన్ను పట్టుకుని వచ్చే ఎవరినైనా అనుమానిస్తున్నారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ వంటివి పిల్లలు అడగకూడదు, ఎవరైనా చెప్పబోయినా రాసుకోకూడదు. ఫారంలో ఫోను నంబరు గడి ఉంటే అదీ కొట్టేయమనండి.